నర్సుల నడుమునొప్పి – తుంటి కండరముల బలము

చికిత్సకు నాలుగు పాదములు ఉన్నవని చరకుడు చెప్పినాడు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స ముందుకు సాగదు. పరిచారకునికి ఉండవలసిన గుణములను కూడ నాలుగుగానే లెక్కించినాడు: ఉపచారము తెలిసి ఉండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. గట్టి నడుము ఉండవలెనని మాత్రము చెప్పలేదు. బహుశా చెప్పవలసిన అవసరము ఆ కాలములో కలగలేదేమో! ఎందుకంటే అదే సూత్రస్థానములో, చికిత్సాగృహమును ఏర్పాటు చేసే పదునైదవ అధ్యాయములో, రోగికి స్నానము చేయించేవారిని, ఒళ్ళు పట్టేవారిని, లేపి నిలబెట్టేవారిని, పడుకోబెట్టేవారిని, మందులు నూరేవారిని వేరువేరుగా పేర్కొన్నాడు. నేటి ఆసుపత్రులలో ఈ పనులలో సగానికి పైగా ఒకే నర్సమ్మ నెత్తిన పడుతున్నవి. రాత్రి డ్యూటీలో అయితే చెప్పనే అక్కరలేదు.

వివిధ దేశములలో తీసిన లెక్కలను కలిపి చూస్తే, ఏడాదిలో ఒక్కసారైనా నడుమునొప్పితో బాధపడిన నర్సులు సగానికి పైగానే తేలుతున్నారు. ఆ నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలికమైనదని భావించవలెను. ఈ వ్యాసము ముఖ్యముగా వారి కొరకు వ్రాస్తున్నాను. మంచము పట్టిన అత్తగారినో తండ్రిగారినో ఇంట్లో కనిపెట్టుకొని ఉన్న ఇల్లాలికి కూడ ఇది పూర్తిగా వర్తిస్తుంది. ఆ సేవకు జీతము ఉండదు గాని, నడుమునకు ఆ భేదము తెలియదు.

నాలుగేళ్ళ క్రితము ఒక సిస్టరు గారు నా వద్దకు వచ్చినారు. వయసు నలభైకి లోపు. శస్త్రచికిత్సల వార్డులో పదునాలుగేళ్ళ అనుభవము. రెండేళ్ళుగా నడుము కింది భాగములో, ఎడమ పక్కకు ఎక్కువగా నొప్పి. తీయించిన ఫోటోలలో వయసుకు తగిన అరుగుదల తప్ప మరేమీ లేదు. నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట తెచ్చుకొన్నారు. నేను శాస్త్రప్రకారము తైలము, స్వేదనము, ఆముదము, ఆ తరువాత వస్తికర్మ చేయించినాను. పదిరోజులు సెలవు పెట్టించినాను. నొప్పి తగ్గినది. డ్యూటీకి వెళ్ళిన మూడవ వారమునకు మళ్ళీ వచ్చినది. ఇట్లు మూడుసార్లు జరిగినది. మూడవసారి ఆమె, "డాక్టరుగారూ, మీ తైలము నాకు సెలవు ఉన్నన్నాళ్ళే పనిచేస్తున్నదండీ" అన్నారు. ఆ మాటలో కోపము లేదు, నవ్వుతూనే అన్నారు. అయినా నాకు తల కొట్టేసినట్లయినది.

ఆనాడు ఆమె మెట్లు దిగి గేటు వరకు నడిచి వెళ్ళుచుండగా వెనుకనుండి చూసినాను. మూడు చికిత్సలు చేసినవాడిని, ఒక్కసారి కూడ నడక చూడలేదు! ఎడమ కాలు నేలను తాకినప్పుడల్లా కుడి వైపు నడుము కొద్దిగా కిందికి జారుతున్నది. వెంటనే ఛాతీ ఎడమవైపు వాలుతున్నది. సుశ్రుతుడు ఖంజుని గూర్చి చెప్పిన లక్షణము గుర్తుకు వచ్చినది. వాయువు కటియందు నిలిచి తొడ కండరను పట్టి లాగినప్పుడు మనిషి కుంటుతాడని, రెండు కాళ్ళకూ అదే జరిగితే పంగువు అవుతాడని ఆయన నిదానస్థానములో చెప్పినాడు. ఈమెది అంతటి వ్యాధి కాదు. అయినను రోగము కటిలో ఉంటే దాని జాడ నడకలో చూడవలెనన్న పాఠము గురుకులములో నేర్చుకొన్నదే. వెనుకకు పిలిచి ఒంటి కాలిపై నిలబడమన్నాను. ఎడమ కాలిపై అర నిమిషము నిలువలేకపోయినారు. ఆమె ఎడమ తుంటిపై వేలితో ఒక చోట నొక్కగానే అదిరిపడి, "ఇది మేము ఇంజక్షను ఇచ్చే చోటు కదండీ!" అన్నారు.

సరిగా చెప్పినారు. పిరుదు పైభాగమున, బయటి వైపున, నర్సులు రోజూ సూది గుచ్చే ఆ చోటనే ఈ వ్యాసమునకు నాయకుడైన కండరము ఉన్నది.

ఆ కండరము చేసే పని

నడుము కింద ఇరువైపులా చేతికి తగిలే విశాలమైన ఎముక బయటి ముఖమునుండి ఈ కండరము బయలుదేరి, విసనకర్ర మడిచినట్లు కిందికి సన్నగిల్లి, తొడ ఎముక పైచివర బయటికి పొడుచుకొని వచ్చిన బుడిపెను పట్టుకొంటుంది. ఆధునికులు దీనిని గ్లూటియస్ మీడియస్ అంటారు. దాని అడుగున అదే పని చేసే చిన్న కండరము మరొకటి ఉన్నది. పైన, వెనుకవైపున పిరుదుకు ఆకారమునిచ్చే పెద్ద కండరము ఉన్నది. సుశ్రుతుడు శరీరములో అయిదు వందల పేశులను లెక్కించి, అందులో ఒక్కొక్క పిరుదుకు అయిదేసి చెప్పినాడు. సిరలు, స్నాయువులు, ఎముకలు, సంధులు పేశులచేత కప్పబడి ఉండుట వలననే బలముగా ఉంటవని కూడ ఆయన మాట. ఈ ప్రాంతములోనే కుకుందరము, నితంబము అనే మర్మములను చెప్పినాడు. కుకుందరమునకు దెబ్బ తగిలితే దేహము కింది భాగమున స్పర్శ, చేష్ట నశిస్తవని, నితంబమునకు తగిలితే కింది భాగము శోషిస్తుందని హెచ్చరించినాడు. నడుమును, కాళ్ళను కలిపి చూడవలెననే దృష్టి మన శాస్త్రములో మొదటినుండీ ఉన్నదని చెప్పుటకే ఇది వ్రాసినాను.

రెండు కాళ్ళపై సమముగా నిలబడినప్పుడు ఈ పక్క కండరమునకు పెద్దగా పని లేదు. ఒక కాలు ఎత్తగానే దాని పని మొదలవుతుంది. మామూలు నడకలో నూటికి ఎనభై వంతుల కాలము దేహము ఒంటి కాలిపైనే ఉంటుంది. ఆ సమయములో ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారిపోకుండ, నేలపై ఉన్న కాలి వైపు తుంటి కండరము పట్టి ఉంచవలెను.

దీనికి ఎంత బలము కావలెనో కావడిని తలచుకొంటే తెలుస్తుంది. కావడిబద్ద రెండు చివరలు సమమైన పొడవు ఉంటే సమమైన బరువులతో నిలుస్తుంది. ఒక చివర పొట్టిగా ఉంటే ఆ వైపు ఎక్కువ బరువు వేలాడగట్టవలసి వస్తుంది. తుంటికీలులోని తొడ ఎముక తల, కావడి మోసేవాని భుజము వంటిది. దేహభారము పొడుగు చివరన ఉన్నది. తుంటి కండరము పొట్టి చివరను పట్టి లాగుతున్నది. అందువలన అది దేహభారమునకు సుమారు రెట్టింపు బలముతో లాగవలసి వస్తుంది. భారము, లాగుడు రెండూ కలిసి అరవై కిలోల స్త్రీకి ఆ కీలుపై నూటయాభై కిలోలకు తగ్గని ఒత్తిడి పడుతుంది. ఇది ప్రతి అడుగుకు జరిగే పని. వార్డులో ఒక మంచమునుండి మరొక మంచమునకు తిరుగుతూ ఒక డ్యూటీలో ఎన్ని వేల అడుగులు పడతవో చదువరులే ఊహించుకొనవచ్చును.

ఈ కండరము అలసినప్పుడు దాని పనిని పై అంతస్తులోనివారు నెత్తికెత్తుకొంటారు. చివరి పక్కటెముకకు, కటి ఎముకకు నడుమ వెన్నుకు ఇరువైపులా ఉన్న కండరములు జారిపోయే నడుమును పైనుండి పట్టుకొంటవి. దేహము పక్కకు వాలుతుంది. వాలిన వైపు వెన్నుపూసల సంధులు ఒత్తుకుపోతవి. ఒకరోజు అయితే ఫరవాలేదు. ఏళ్ళ తరబడి జరిగితే నడుము కండరములు కర్రవలె బిగుసుకొంటవి. అప్పుడు నొప్పి నడుములో తెలుస్తుంది. అలసినవాడు తుంటిలో మౌనముగా ఉంటాడు. నేను మూడుసార్లు తైలము పోసినది నొప్పి ఉన్న చోట, అలసట ఉన్న చోట కాదు.

ఒంటి కాలిపై నిలిపి తుంటి బలము చూసే పరీక్షను జర్మనీ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించినాడు. నేటికీ ఎముకల వైద్యులు ఆయన పేరుతోనే దానిని చేస్తున్నారు. దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్నవారిలో ఈ కండరము బలహీనముగా ఉండుట, నొక్కితే నొప్పి పెట్టుట, నొప్పి లేనివారిలోకంటె చాల ఎక్కువగా కనిపించినవని అమెరికాలో 2016లో ప్రచురించిన పరిశీలన ఒకటి తేల్చినది. అంతకు ముందే, 2008లో, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయము వారు నడుమునొప్పి ఎరుగని మనుషులను రెండు గంటలపాటు నిలబెట్టి పరీక్షించినారు. నొప్పి వచ్చినవారిలో రెండు వైపుల తుంటి కండరములూ ఒకదాని తరువాత ఒకటి పని పంచుకొనకుండ, రెండూ ఒకేసారి బిగుసుకొని ఉండుట కనిపించినది. నిలబడి చేసే ఉద్యోగములవారు దీనిని గమనించవలెను. కదలకుండ నిలబడుట విశ్రాంతి కాదు.

అయితే నడుమునొప్పులన్నిటికీ తుంటియే కారణమని ఎవరైనా చెబితే నమ్మకూడదు. నొప్పి వలన కదలిక తగ్గి కండరము బలహీనపడుట కూడ ఉన్నది. ఒక్క తుంటి వ్యాయామముతో అందరికీ నొప్పి పోదు. ఎత్తే బరువు, నిద్రలేమి, మనోవేదన వీటికి కూడ ఇందులో భాగమున్నది.

వాతము ఎట్లు ప్రకోపిస్తుంది?

చరకుడు చెప్పిన ఎనభై వాతవ్యాధులలో త్రికగ్రహము, పృష్ఠగ్రహము, శ్రోణిభేదము, గృధ్రసి అన్నీ ఈ ప్రాంతమునకు సంబంధించినవే. వాతప్రకోపమునకు ఆయన చెప్పిన కారణములను చదివితే నర్సుల డ్యూటీ పట్టికను చదువుతున్నట్లే ఉంటుంది. వేళకు తిండి లేకపోవుట, ఎండిన చల్లని ఆహారము, రాత్రి జాగరణము, అతిశ్రమ, వేగములను ఆపుకొనుట.

ఈ చివరిది ఇంట్లోవారు అడగరు, ఆమె చెప్పదు. డ్యూటీలో తీరిక లేక, కొన్నిచోట్ల శుభ్రమైన మరుగుదొడ్డి లేక, గంటల తరబడి మూత్రమును ఆపుకొనే నర్సులు చాలమంది. అందుకొరకే నీళ్ళు తాగుట మానేసేవారు కూడ ఉన్నారు. మూత్రవేగమును ఆపితే వస్తియందు శూల, మూత్రము కష్టముగా వచ్చుట, తలనొప్పి, దేహము వంగిపోవుట, గజ్జలు పట్టివేయుట కలుగుతవని చరకసంహిత స్పష్టముగా చెబుతున్నది. నడుమునొప్పితో వచ్చిన ప్రతి నర్సునూ నేను ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న ఇదే. మూత్రములో మంట, జ్వరము కూడ ఉంటే ఆ నడుమునొప్పి కండరములది కాకపోవచ్చును. మూత్ర పరీక్ష చేయించవలెను.

రాత్రి జాగరణము రూక్షమును పెంచుతుంది. అలవాటు లేని జాగరణము చేసినవాడు మేలుకొన్న కాలములో సగము కాలము ఉదయము భోజనమునకు ముందే నిద్రించవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పినాడు. ఎనిమిది గంటలు మేల్కొన్నవారికి నాలుగు గంటలు. నెలలో పది పదిహేను రాత్రులు డ్యూటీ చేసేవారికి అదికూడ చాలదు, సాయంత్రము మరికొంత నిద్ర ఉండవలెను. అత్తవారింటి సభ్యులకు నా మనవి ఒకటి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కోడలు ముందు ఉదయపు వంట పెట్టకండి.

ఇంట్లో చేసుకొనదగినవి

ముందు పరీక్ష. గోడకు చేయి అందేంత దగ్గరలో, అద్దము ఎదుట నిలబడి, రెండు చేతులు కటి ఎముకలపై ఉంచి ఒక కాలును కొద్దిగా ఎత్తవలెను. ముప్పై సెకండ్లు చూడవలెను. ఎత్తిన వైపు నడుము జారినా, ఛాతీ రెండవవైపు వాలినా, నిలిచిన కాలి తుంటి బలహీనమని అనుమానించవచ్చును. కాలులోకి తీవ్రమైన నొప్పి లాగుతున్నవారు, తల తిరిగేవారు ఈ పరీక్ష చేసుకొనకూడదు.

వ్యాయామములు మూడు చాలును. పక్కకు పడుకొని, మోకాళ్ళు మడిచి, మడమలు రెండూ కలిపి ఉంచి, పైమోకాలిని మాత్రము ఆల్చిప్ప తెరిచినట్లు నెమ్మదిగా ఎత్తి దించవలెను. నడుము వెనుకకు దొర్లకూడదు. ఇది వారము పదిరోజులు సులువైన తరువాత, అదే భంగిమలో పైకాలును చాచి, కొంచెము వెనుకకు ఉంచి, కాలివేళ్ళు ఎదుటికి చూస్తూ ఉండగా ఎత్తవలెను. వేళ్ళు ఆకాశమును చూస్తే తొడ ముందు కండరము పని దొంగిలిస్తుంది. చాలమంది ఇక్కడే పొరపడతారు. మూడవది వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి, పిరుదులను బిగించి నడుమును వంతెనవలె పైకి లేపుట. ఒక్కొక్కటి ఎనిమిది, పది పర్యాయములు, రెండు విడతలు, దినము విడిచి దినము. వ్యాయామము సగము బలము వరకే చేయవలెనని, శ్వాస నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తు అని సుశ్రుతుడు చెప్పినాడు. కండరము బలపడుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పడుతుంది. పదిరోజులకే ఫలితము లేదని మానివేసేవారే ఎక్కువ. చేసేటప్పుడు పిరుదు కండరము నొచ్చితే మంచిదే; నొప్పి కాలులోకి దిగితే ఆపి వైద్యునికి చూపవలెను.

తైలము విషయము. మన ఇళ్ళలో బాలింతలకు వావిలాకు నీళ్ళు పోయుట అందరికీ తెలిసినదే. ఆ వావిలాకుతోనే తైలము కాచుకొనవచ్చును. నువ్వులనూనె పావులీటరు, వావిలాకు రసము ఒక లీటరు, మెత్తగా నూరిన వావిలాకు ముద్ద అరవై గ్రాములు కలిపి, వెడల్పాటి పాత్రలో సన్నని సెగపై కాచవలెను. ముద్దను వేళ్ళతో నలిపితే వత్తివలె చుట్టుకొని, దానిని నిప్పులో వేస్తే చిటపటలాడకుండ కాలినప్పుడు పాకము సిద్ధమైనట్లు. ఆ సమయమునకు తైలముపై నురుగు పొంగుతుంది. నేతిలో అయితే నురుగు అణగుతుంది. ఈ భేదము గుర్తుంచుకొనవలెను. తడి తగలకుండ వడపోసి సీసాలో ఉంచుకొనవచ్చును. తీరిక లేనివారు అంగడిలో దొరికే మహానారాయణ తైలము వాడవచ్చును.

ఈ తైలమును గోరువెచ్చగా చేసి ఒక్క నడుమునకే గాక, కటి ఎముక అంచునుండి తుంటి బుడిపె వరకు పది నిమిషములు మర్దన చేయించుకొని, వావిలాకు వేసి కాచిన నీటిలో తడిపి పిండిన గుడ్డతో కాపడము పెట్టవలెను. జ్వరము, వాపు, కొత్తగా తగిలిన దెబ్బ ఉన్నప్పుడు మర్దన, కాపడము కూడదు. మినప్పిండి కట్టు కట్టి నడుముపై వెచ్చని తైలము నిలిపే కటివస్తిని ఇంట్లో ప్రయత్నించి ఒళ్ళు కాల్చుకొన్నవారిని చూసినాను. అది వైద్యుని చేతిలోనే జరగవలెను.

వారమునకు ఒకసారి రాత్రిపూట వేడిపాలలో ఒక చెంచా వంటాముదము త్రాగవచ్చును. గర్భిణులు, పేగు వ్యాధులు ఉన్నవారు త్రాగరాదు. సెలవురోజు ముందు రాత్రి త్రాగవలెనని వేరే చెప్పనక్కరలేదనుకొంటాను! మినుములు వాతహరము, బలకరము. డ్యూటీ సంచిలో బిస్కట్ల బదులు రెండు సున్నుండలు ఉంటే మేలు. మధుమేహము ఉన్నవారు బెల్లము మాని, నానబెట్టిన బాదములు తీసుకొనవచ్చును.

రోగిని ఎత్తుట

పై చికిత్సలన్నీ చేసి, మళ్ళీ ఒంటరిగా ఎనభై కిలోల రోగిని మంచముపై పైకి లాగితే ఫలమేమున్నది? రోగిని చేతులతో ఎత్తునప్పుడు ఒక మనిషిపై పడే బరువు 35 పౌండ్లు, అనగా సుమారు 16 కిలోలు మించకూడదని అమెరికాలో 2007లో ఒక హద్దు ప్రతిపాదించినారు. మన వార్డులలో ఒక్కొక్క కాలు బరువే దానికి దగ్గరగా ఉంటుంది. కనుక ఒంటరిగా ఎత్తరాదు. రోగి కింద నాలుగు మడతల దుప్పటి పరచి, ఇరువైపుల ఇద్దరు నిలిచి, దుప్పటిని పట్టి జరపవలెను. మంచము ఎత్తు పెంచుకొనే వీలుంటే నడుము ఎత్తుకు పెంచవలెను. నడుము మెలితిప్పకుండ పాదములను తిప్పి, మోకాళ్ళు వంచి పిరుదు కండరములతో లేవవలెను. నడుము బెల్టు కట్టుకొన్నాము గదా అని ఎత్తుట ప్రమాదము. బెల్టు ఆ రక్షణ ఇస్తుందనుటకు ఆధారము లేదు. నిలబడి వ్రాసుకొనునప్పుడు ఒకే కాలిపై భారము వేసి తుంటిని పక్కకు జార్చి నిలుచుట చాలమందికి అలవాటు. ఒక పాదమును చిన్న పీటపై ఉంచి, పది నిమిషములకు ఒకసారి మార్చుకొనవలెను.

మలమూత్రములపై అదుపు తప్పినా, తొడల లోపలి భాగము, మలద్వారము చుట్టూ తిమ్మిరెక్కినా, పాదము జారిపోతున్నా, నొప్పితోపాటు జ్వరము, బరువు తగ్గుట ఉన్నా, లేక పడిన తరువాత నొప్పి మొదలైనా, తైలములతో కాలయాపన చేయక అదేరోజు ఆసుపత్రికి వెళ్ళవలెను.

మొదట చెప్పిన సిస్టరు గారికి రెండు నెలలు పట్టినది. సెలవు పెట్టలేదు. తుంటి వ్యాయామము, తైలము, నిద్ర, సమయమునకు మూత్రవిసర్జన, అంతే. ఇద్దరు కలిసి ఎత్తే పద్ధతికి ఆసుపత్రివారు మొదట మనుషులు లేరన్నారు. వార్డులోని నర్సులు తామే ఒప్పందము చేసుకొని పక్క వార్డువారిని పిలుచుకొనుట మొదలుపెట్టినారు. అయిదవ వారమున ఎడమ కాలిపై ముప్పై సెకండ్లు నిలిచినారు. బరువైన రోజున ఇప్పటికీ నడుము పట్టివేస్తున్నదని చెబుతారు. అయితే మాత్రలు మాని మూడేళ్ళు దాటినది. మొన్న సంక్రాంతికి తన వార్డులో కొత్తగా చేరిన ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చినారు. నేను నాడి చూడబోయే లోపలనే ఆమె, "ముందు నడిపించి చూడండి డాక్టరుగారూ" అన్నారు. ఆ అమ్మాయిని మెట్ల దగ్గరే ఒంటి కాలిపై నిలబెట్టి చూసినాము.